స్త్రీ వైద్యపరీక్ష: వెఱపు, సన్నాహము

(గ్రంథాలయ రజతోత్సవములలో మహిళా సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున "ప్రబంధములలో నాయికా వర్ణనము" అను విషయమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పదవ తరగతి దాటి చదివినవాడను కాను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండే: పాత దస్త్రములు, ఒక పెట్టెడు పద్యకావ్యములు. దస్త్రములను చూచి లెక్కలు నేర్చుకొంటిని. నిఘంటువును ప్రక్కన పెట్టుకొని కావ్యములను నాకు నేనే చదువుకొంటిని. ఇప్పుడు సహకార సంఘములో చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు కాలము గడుపుచున్నాను. కావున కార్యవర్గమువారు కోరిన విషయము నాకు మిక్కిలి ప్రియమైనదే. అయినను దానిని మార్చుకొనుటకు అనుమతి వేడితిని. వారు పెద్దమనసుతో సమ్మతించిరి.

కారణము చెప్పెదను. నాయికల కనుబొమల వంపును, నడుము సన్నదనమును వర్ణించు పద్యములు నాకు వందలకొలది కంఠస్థములు. కాని మా యింటిలోనే, నా కన్నుల యెదుటనే, మా అక్క పదునెనిమిది నెలలు రక్తస్రావముతో బాధపడుచుండగా నాకు తెలియలేదు. స్త్రీ దేహమును గుఱించి పద్యములలో అంత విస్తరించి చెప్పుకొను మనము, ఆ దేహమునకు జబ్బు చేసినప్పుడు ఒక్క మాటయైన నోట రానీయము. అందుచేత నేడు, ఆడపిల్లలు, పడుచు స్త్రీలు వైద్యురాలియొద్దకు సాధారణ పరీక్షకు పోవునప్పుడు ఎట్లు సిద్ధపడవలెనో చెప్పదలచితిని.

మగవాడు ఈ మాటలు చెప్పవచ్చునా యని కొందఱికి తోచవచ్చును. చెప్పవలసిన ఆడవారికి ఇన్నాళ్లు మనము తావీయలేదు. ఆ తప్పు దిద్దుకొనుటకు మొదటి మాట మగవాడే పలుకుట న్యాయమని నాకు తోచినది. నేను వైద్యుడను కాను. ఈ ప్రసంగమును మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యురాలుగారికి ముందుగా చదివి వినిపించి, ఆమె దిద్దిన తరువాతనే మీ యెదుట చదువుచున్నాను.

మా అక్క నాకంటె ఆఱేండ్లు పెద్దది. నాకు పలకపై అక్షరములు దిద్దించినది ఆమెయే. భర్త పోయిన పిమ్మట మా యింటనే ఉండెను. సాయంకాలము నేను భారతము చదువుచుండగా గడప దగ్గఱ కూర్చుండి వినెడిది. 46 ఏండ్ల వయస్సున ఆమెకు ముట్టుకు ముట్టుకు నడుమ రక్తము కనబడసాగెను. ఇరుగుపొరుగు అమ్మలక్కలు "ముట్లుడుగు వయస్సున ఇట్లే ఉండును" అనిరట. ఆమెయు అట్లే అనుకొని, తెల్లవారకముందే గుడ్డలు ఉతికి దొడ్డి వెనుక ఆఱవేసికొనుచు వచ్చెను. నీరసించి పడిపోయిన నాడు పట్టణమునకు తీసికొనిపోతిమి. అప్పటికే గర్భాశయ ముఖమున పుట్టిన క్యాన్సరు చుట్టుప్రక్కలకు ప్రాకియుండెను. తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఆమె నాతో ఇట్లనెను: "అక్కడ ఏమి చేస్తారో తెలియక భయపడ్డానురా తమ్ముడూ. ఇంతేనని తెలిస్తే ఎప్పుడో వచ్చి ఉండేదాన్ని." ఎనిమిది నెలలకు ఆమె కన్నుమూసెను.

ఆ మాటను నేను మఱువలేదు. ఆమె రోగమునకు వెఱవలేదు. వైద్యశాలలో తన్ను ఏమి చేయుదురో తెలియక వెఱచినది. తెలియనిదానిని తెలియజేయుట గ్రంథాలయము పని. ఆ పనిలో మనము, ముఖ్యముగా నేను, తప్పితిమి.

ఆ తప్పు ఎట్టిదో వినుడు. గ్రంథాలయము పెట్టిన తొలి యేండ్లలో నేను కార్యదర్శిగా ఉంటిని. ఒక దాత యిచ్చిన పుస్తకములలో డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారి "ప్రసూతి - శిశుపోషణ" ప్రతి యొకటి ఉండెను. అచ్చమాంబగారు (1906-1964) విజయవాడలో వైద్యము చేసి, 1957లో అక్కడినుండియే లోక్‌సభకు ఎన్నికైన విదుషీమణి. ఆమె తండ్రి లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రలను శాస్త్రములను తెలుగున అచ్చువేయించిన మహనీయులు. తండ్రి వేసిన బాటలోనే కూతురు స్త్రీలకొఱకు తెలుగున పుస్తకము వ్రాసెను. అట్టి పుస్తకమును, పుటయైన త్రిప్పి చూడక, పేరు చూచియే, తాళము వేసిన బీరువాలో పెట్టించితిని. నమోదు పుస్తకములో దాని యెదుట "అడిగినవారికి మాత్రమే" అని నా చేతితోనే వ్రాసితిని.

మా అక్క పోయిన తరువాత ఒకనాడు ఆ పద్దు నా కంటబడెను. అన్నేండ్లలో దానిని అడిగినవారు ఒక్కరును లేరు. ఎట్లు అడుగుదురు? ఆ పుస్తకము చదివియుండినచో మా అక్క బ్రతికియుండునని నేననను. అది కాన్పులను గుఱించినది. కాని ఆ తాళము "ఇది అడుగరాని సంగతి" యని ఊరిలోని ఆడవారందఱికిని చెప్పుచునే యుండెను. మా అక్కయు ఆ మాట వినెను.

ఇట్టి పరీక్షలు మన సంప్రదాయము కావనియు, పరదేశీయులు తెచ్చిన వింతలనియు అనువారు కొందఱున్నారు. వారికి వాగ్భటుని సాక్ష్యము చూపెదను. ఆయన అష్టాంగహృదయమున, సూత్రస్థానములో యంత్రములను వర్ణించుచోట, యోనివ్రణేక్షణ మను సాధనము ఉన్నది. పదునాఱు అంగుళముల పొడవు, లోపల గుల్ల, నాలుగు పలకలు, తామరమొగ్గవంటి ముఖము. లోపలి పుండ్లను కంటితో చూచుటకై దానిని చేయించిరి. వేయి యేండ్లకు పైబడిన గ్రంథమిది. నేడు వైద్యురాలు వాడు స్పెక్యులమ్ అను సాధనము పనియు అదియే. కాకున్న, నేటిది మిక్కిలి పొట్టిది, సాధారణముగా రెండు ఱేకులది. స్త్రీ రోగమును చూచి తెలిసికొనుట మన పూర్వులకు సిగ్గుగా తోచలేదు. సిగ్గు మనము నడుమ తెచ్చిపెట్టుకొన్నది.

ఇక "జబ్బు లేనిదే పరీక్ష ఎందులకు?" అని అడుగుదురు. మా సహకార సంఘమునకు ఏటేట ఆడిటరు వచ్చును. ఆయన వచ్చుట మేము దొంగలమని కాదు. చిన్న తప్పు చిన్నదిగా ఉండగానే కనబడవలెనని. నాలుగు రూపాయల తేడాను ఆ ఏడే పట్టుకొన్నచో ఒక గీటుతో దిద్దవచ్చును. పదేండ్లు దాగిన తేడా సంఘమునే ముంచును. గర్భాశయ ముఖపు క్యాన్సరు సరిగా ఇట్టిదే. దాదాపు అన్ని సందర్భములలోను దానికి మూలము హెచ్.పి.వి. అను వైరసు. ఈ సంగతిని తేల్చిన జర్మను శాస్త్రజ్ఞుడు హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది. ఈ వైరసు దేహసంపర్కమువలన అంటును. ఎవరి నడవడికకును ఇది మచ్చ కాదు. సంసారము చేయు స్త్రీపురుషులలో చాలమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటి, దానంతట అదియే తొలగిపోవును. కొందఱిలో మాత్రము నిలిచిపోయి, సాధారణముగా 15 మొదలు 20 ఏండ్లలో క్యాన్సరుగా మాఱును. అంత దీర్ఘకాలము అది మనకు గడువిచ్చుచున్నది. ఆ గడువులో చూచుకొన్నచో రోగము పుట్టకమునుపే తుంచివేయవచ్చును.

చూచుటకు మార్గములు మూడు. గ్రీసు దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జి పాపనికొలావు అను వైద్యుడు, గర్భాశయ ముఖమునుండి రాలిన కణములను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూచు పద్ధతిని కనిపెట్టెను. 1943లో సహచరుడు హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి దానిని గ్రంథముగా వెలువరించెను. అదియే పాప్ పరీక్ష. రెండవది, పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వంటయింటి వెనిగరులోని పులుపును, అక్కడ పూసి తెల్లబడినదేమో చూచుట. మూడవది వైరసునే వెదకు హెచ్.పి.వి. పరీక్ష. మన తెలుగునేలకు పొరుగున నున్న మహారాష్ట్రలో, నేడు ధారాశివ్ అని పిలువబడు ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో, 1,30,000 మందికి పైబడిన స్త్రీలతో ఈ పద్ధతులను పోల్చి చూచిరి. ఫలితములు 2009లో వెలువడెను. ఒక్కమాఱు హెచ్.పి.వి. పరీక్షకు పిలువబడిన గ్రామములలో ఈ వ్యాధిచే మరణములు, పిలువబడని గ్రామములతో పోల్చగా, దాదాపు సగమునకు తగ్గెను. వారును మనవలెనే పొలము పనులు చేసికొను పల్లెటూరి ఆడవారే.

ఇక మన స్థితి చూడుడు. 2022 సంవత్సరపు అంచనా ప్రకారము మన దేశమున ఆ ఒక్క యేట 1,27,000 మందికి పైగా స్త్రీలకు క్రొత్తగా ఈ వ్యాధి సోకినది. సుమారు 80,000 మంది మరణించిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దఱు కూడ లేరు. లెక్కలు వ్రాయువాడను గనుక అంకెలను చూచి బెదరను. కాని ఈ పద్దు చూచి నా చేయి ఆగినది.

ఎవరికి ఏ పరీక్ష అను సంగతి తెలిసికొనుడు. ఈ క్యాన్సరు పరీక్షను 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకమాఱు చేయవలెనని మన కేంద్రప్రభుత్వము 2016లో మార్గదర్శకములు వెలువరించినది. పెండ్లికాని పిల్లకు, సంసార జీవితము లేని పిల్లకు, సాధారణ సందర్భములలో లోపలి పరీక్షయే అక్కఱలేదు. వైద్యురాలు కూర్చుండబెట్టి మాటలాడును. ముట్టు సంగతి అడుగును, బరువు, రక్తపుపోటు చూచును, కడుపు తాకి చూచును, రక్తపరీక్ష వ్రాయును, అవసరమైనచో కడుపుమీదనుండి స్కానింగు తీయించును. ఈ ఒక్క సంగతి తెలియక ఎందఱో తల్లులు పిల్లలను ఇంటనే దాచుచున్నారు.

మా అమ్మాయి సంగతి చెప్పెదను. ఆమె అనుమతితోనే చెప్పుచున్నాను, ముందువరుసలోనే కూర్చున్నది. ఇరువది యొకటవ యేట ఆమెకు ముట్టు తొమ్మిది పది దినములు సాగెడిది. మెట్లెక్కిన ఆయాసము. అక్క విషయమున తిన్న దెబ్బ జ్ఞాపకమునకు వచ్చి, వెంటనే ఒక వైద్యశాలకు పంపితిమి. అక్కడ తెఱయైన లేదు. వరుసలో నిలిచియున్న పదిమంది వినునట్లు "పెండ్లయినదా? కడపటి ముట్టు ఎప్పుడు?" అని గద్దించి అడిగిరట. తేదీ జ్ఞాపకము లేక, సిగ్గుతో నోరు పెగలక, పిల్ల ఏడ్చుచు తిరిగి వచ్చెను. "నాన్నగారూ, చచ్చినా మళ్ళీ పోను" అనెను. ఒక యేడు పోలేదు. వెఱపు పోగొట్టుటకు వైద్యశాలకు పంపిన చాలదనియు, సిద్ధపఱచి పంపవలెననియు అప్పుడు నాకు తెలిసినది. ఆ యేడంతయు తల్లియు కూతురును కూర్చుండి, ఆరోగ్య కార్యకర్త సాయముతో ఒక చిన్న నోటుపుస్తకము వ్రాసిరి. మఱుసటి యేడు ఆ పుస్తకము చేతబట్టి వేఱొకచోటికి పోయిరి. అరగంటలో పని ముగిసెను. లోపలి పరీక్ష లేనేలేదు. రక్తములో హిమోగ్లోబిను ఎనిమిది గ్రాములు మాత్రమే యున్నది. 2019-21 సర్వేలో దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. మా పిల్ల ఆ యేబదియేడుగురిలో ఒకతె. స్రావము తగ్గుటకు మందు, ఇనుప మాత్రలు ఇచ్చిరి. ఆఱు నెలలలో తేరుకొనెను.

ఆ నోటుపుస్తకములోని సారమును, వైద్యురాలుగారు చేర్చిన మాటలతో, ఇప్పుడు వరుసగా చెప్పెదను.

మొదటిది, దినము నిర్ణయించుకొనుట. సాధారణ పరీక్షకు ముట్టు దినములు కాని సమయము మేలు. ముట్టు మొదలైన దినమునుండి పది మొదలు ఇరువది దినముల నడుమ పోవుట అనువు. కాని రక్తము ఆగక పోవుచున్నప్పుడు, తీవ్రమైన కడుపునొప్పి యున్నప్పుడు మంచి దినమని కాచుకొని కూర్చుండరాదు. అది సాధారణ పరీక్ష కాదు, ఆ పూటనే పోవలెను.

రెండవది, లెక్క. ఇది నా వృత్తికి సంబంధించినది గనుక గట్టిగా చెప్పెదను. ఒక చిన్న పుస్తకములో ప్రతి నెలయు ముట్టు మొదలైన తేదీ, ఆగిన తేదీ వ్రాసికొనుడు. కడపటి ముట్టు మొదటి దినము ఏదియని ప్రతి వైద్యురాలును మొట్టమొదట అడుగును. ఎన్నాళ్ల కొకమాఱు వచ్చుచున్నది, దినమునకు ఎన్ని ప్యాడ్లు లేక గుడ్డలు మార్చుచున్నారు, గడ్డలు పడుచున్నవా, నొప్పి బడికి పనికి పోనీయనంత యున్నదా, తెల్లబట్టకు దుర్వాసన యున్నదా, ఇవి వ్రాయుడు. వాడుచున్న మందులు, పడని మందులు, పూర్వపు శస్త్రచికిత్సలు, కాన్పులు, పోయిన గర్భములు, తల్లికి, అక్కచెల్లెండ్రకు, మేనత్తలకు వచ్చిన రొమ్ము, గర్భాశయ, అండాశయ వ్యాధులు, వేయించుకొన్న టీకాలు కూడ వ్రాయుడు. నోట చెప్పుటకు సిగ్గైనచో ఆ పుట విప్పి చేతికిచ్చిన చాలును. మా అమ్మాయి చేసిన పని అదియే. వైద్యురాలు చదివికొని, "ఇంత చక్కగా వ్రాసికొని వచ్చినవారు తక్కువ" అనెనట. కరణముగారి మనుమరాలు గదా యని నేను లోలోపల ఉప్పొంగితిని.

మూడవది, పరీక్షకు ముందు రెండు దినములు. పాప్ పరీక్ష చేయించుకొనువారు ఆ రెండు దినములును దాంపత్య సంపర్కమునకు దూరముగా ఉండవలెను. లోపల పెట్టుకొను మాత్రలు, పూతలు ఏవైన ఉన్నచో వైద్యురాలిని అడిగి ఆపవలెను. లోపలి భాగమును సబ్బుతోగాని, మందునీటితోగాని కడుగరాదు. శుభ్రము కొఱకని చేయు ఆ పని రోగపు జాడను చెఱిపివేయును. మామూలు దినములలోను అది హానియే.

నాలుగవది, ఆ ఉదయము. ఎప్పటివలె స్నానము చేసిన చాలును. వెండ్రుకలు తీయనక్కఱలేదు. పస్తుండుమని వారు ప్రత్యేకముగా చెప్పనిచో అన్నము తిని పొండు. ఖాళీ కడుపున కండ్లు తిరుగును. వదులుగా నుండి సులువుగా సడలించుకొనదగిన బట్టలు కట్టుకొనుడు. లోపలి పరీక్షకు ముందు మూత్రము పోసికొని రావలెను. అప్పుడు నొక్కుడు తక్కువగా తెలియును. కాని కడుపుమీది స్కానింగునకు నిండు మూత్రాశయము కావలసి వచ్చును. మూత్రపరీక్షకు నమూనా ఈయవలసి వచ్చును. కావున ముందుగా అడిగి తెలిసికొనుడు.

అయిదవది, తోడు. తల్లినో, అక్కనో, స్నేహితురాలినో వెంటబెట్టుకొని పొండు. స్త్రీ వైద్యురాలు కావలెనని అడుగుటలో తప్పు లేదు. పురుష వైద్యుడు పరీక్షించునప్పుడు మఱియొక స్త్రీ ఆ గదిలో ఉండుట రోగి హక్కని, జాతీయ మానవ హక్కుల సంఘము సిద్ధపఱచిన రోగుల హక్కుల పత్రములో స్పష్టముగా ఉన్నది. తెఱ వేయుమని అడుగుట, తలుపు మూయుమని అడుగుట మీ హక్కులే. ఇంకొక మాట తల్లులకు. పిల్ల వైద్యురాలితో రెండు నిమిషములు ఒంటిగా మాటలాడదలచినచో బయటికి పొండు. అలుగకుడు. తల్లికి చెప్పలేనిది వైద్యురాలికి చెప్పుటచే ప్రాణములు దక్కిన సందర్భములు కలవు.

ఇక లోపలి గదిలో ఏమి జరుగునో చెప్పెదను. మా అక్క ఎఱుగగోరినది ఇదియే. మొదట మాటలు, తరువాత బరువు, రక్తపుపోటు. అవసరమునుబట్టి రొమ్ములను తాకి గడ్డలున్నవేమో చూచుదురు. తరువాత బల్లమీద వెల్లకిల పండుకొని మోకాళ్లు మడువుమందురు. నడుమునకు దిగువ దుప్పటి కప్పుదురు. మొదట వెలుపలి భాగమును చూచుదురు. తరువాత స్పెక్యులమును మెల్లగా లోనికి పోనిచ్చి, ఱేకులను కొద్దిగా తెఱచి, గర్భాశయ ముఖమును చూచుదురు. పాప్ పరీక్షయైనచో చిన్న కుంచెవంటిదానితో అక్కడ ఒక్కమాఱు త్రిప్పి తీయుదురు. కడపట చేతికి తొడుగు వేసికొని, రెండు వ్రేళ్లు లోపలను, రెండవ చేయి పొత్తికడుపుమీదను ఉంచి గర్భాశయపు పరిమాణమును, అండాశయములను తెలిసికొందురు. ఇదంతయు కొద్ది నిమిషముల పని. కొందఱికి నొక్కినట్లుండును, కొందఱికి కొంచెము నొప్పి కలుగును. బిగబట్టిన కొలది నొప్పి యెక్కువ. మెల్లగా గాలి విడుచుచు, పిరుదులను బల్లకు ఆనించి, కాళ్లను సడలించినచో తగ్గును. నొప్పి యెక్కువైనచో "ఆపుడు" అనవచ్చును. అనిన వెంటనే వారు ఆపవలెను. చిన్న పరిమాణపు సాధనము అడుగవచ్చును. మీ సమ్మతి లేక ఏ పరీక్షయు చేయరాదు.

పరీక్ష తరువాత ఒకటి రెండు దినములు కొద్దిగా రక్తపు మరక కనబడవచ్చును, బెదరవలదు. స్రావము ఎక్కువైనను, జ్వరము వచ్చినను తిరిగి పోవలెను. ఫలితము ఎన్ని దినములకు వచ్చునో, ఎవరు చెప్పుదురో అడిగి వ్రాసికొని రండు. ఫలితము తెచ్చుకొనని పరీక్ష, రశీదు తీసికొనక కట్టిన డబ్బువంటిది. "మార్పు కనబడినది" అని వచ్చినచో అది క్యాన్సరని కాదు. తఱచు అది ముందుగా పట్టుబడిన చిన్న తేడా. మఱియొకమాఱు చూచుటయో, చిన్న చికిత్సయో చాలును. కాగితమును మడిచి ఆ నోటుపుస్తకములోనే దాచుడు.

పరీక్షకాలము రాకున్నను తప్పక పోవలసిన గుర్తులు కొన్ని కలవు. ముట్టుల నడుమ రక్తము, సంపర్కము తరువాత రక్తము, ముట్లుడిగిన పిమ్మట ఒక్క బొట్టైనను రక్తము, ఏడు దినములకు మించిన స్రావము, దుర్వాసనతో తెల్లబట్ట, తగ్గని పొత్తికడుపు నొప్పి, పదునైదేండ్లు నిండినను రజస్వల కాకపోవుట. వీనిలో దేనిని "వయస్సు", "వేడి", "దిష్టి" యని తోసివేయకుడు. మా అక్క గుర్తు మొదటిదే.

చిన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 9 మొదలు 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయించినచో ఆ వైరసునుండి గట్టి రక్షణ కలుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ వయస్సువారికి ఒక్క మోతాదైనను, రెండైనను చాలునని చెప్పినది. టీకా వేయించుకొన్నవారును పెద్దయిన తరువాత పరీక్ష మానరాదు.

"పెండ్లికాని పిల్లను ఆడవారి డాక్టరు దగ్గఱకు తీసికొనిపోయిన ఊరు ఏమనుకొనును?" అని పెద్దలు అందురు. ఊరనగా ఎవరు? మనమే. పంటికి నొప్పి వచ్చిన పిల్లను దంతవైద్యునియొద్దకు పంపినప్పుడు ఎవ్వరును ఏమియు అనుకొనరు. భర్తలకు, అన్నదమ్ములకు ఒక్క మాట. ఇంటిలోని ఆడవారు చెప్పువఱకు కాచుకొనకుడు. "ఒంట్లో ఎట్లున్నది? చూపించుకొన్నావా?" అని మీరే అడుగుడు. బస్సు ఖర్చునకు చేతిలో డబ్బు పెట్టుడు. ఆ పూట వంట మీరు చేయుడు. ఆ పదునెనిమిది నెలలలో నేను ఒక్కనాడైన అట్లు అడుగలేదు. భారతము మాత్రము ప్రతి సాయంకాలమును చదివితిని.

ఇక ముగించెదను. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ రజతోత్సవమున నేను చేయదలచిన చిన్న పని ఒకటి ఉన్నది. ఆ బీరువా తాళపుచెవి ఇదిగో. దీనిని అధ్యక్షురాలుగారి చేతికి ఇచ్చుచున్నాను. ఇకమీదట ఆ బీరువా తెఱచియే యుండును. నమోదు పుస్తకములో "అడిగినవారికి మాత్రమే" అను నా వ్రాతను ఈ ఉదయము కొట్టివేసి, ప్రక్కన సంతకము చేసి, "అందఱికిని" అని వ్రాసితిని. అచ్చమాంబగారి పుస్తకము అలమారలో ముందు వరుసకు వచ్చినది. అది ఆనాటి పుస్తకము గనుక, దాని ప్రక్కన నేటి వైద్యురాండ్రు తెలుగున వ్రాసిన పుస్తకములు కొనుటకు నావంతు చందా వేయి రూపాయలు జమ కట్టితిని. ప్రతి గురువారము మధ్యాహ్నము గ్రంథాలయమును స్త్రీలకే విడిచి, ఆరోగ్య కార్యకర్తను పిలిపించవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. మా అమ్మాయి తన నోటుపుస్తకమునకు ప్రతులు తీయించి తెచ్చినది. ద్వారము దగ్గఱ బల్లమీద ఉన్నవి. ఎవరును అడుగనక్కఱలేదు, తీసికొని పొండు.

 నాయికా వర్ణనము వచ్చే యేడు చెప్పుకొందము.

స్వస్తి.